నారి తెగిన ఏడాది

నా ఎడమ మోకాలు ఇప్పుడు వంగదు. బడిలో బల్ల మీద కూర్చున్నప్పుడు ఆ కాలు ముందుకు చాపుకునే కూర్చుంటాను. కొత్తగా వచ్చినవాళ్లు ఏమైందని అడుగుతారు. నారి లేచిందని చెబితే మా వైపు వాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. నీళ్లతో పాటు కడుపులోకి పోయి, ఏడాది తిరిగేసరికి కాలి తోలు చీల్చుకుని తెల్లటి దారంలా బయటికి వచ్చే పురుగు అది. మా పల్లెలో దాని మచ్చ లేని కాలు తక్కువ. కాని నేను చెప్పవలసింది ఆ ఒక్క మాటతో తీరదు. రాస్తే నా మనసు కుదుటపడుతుందని కొంత, నాలాంటి మొగుడు ఇంకొకడు చదివి ఆగుతాడని కొంత, ఇది రాస్తున్నాను.

మా ఊరు రామన్నపేట నుంచి పొద్దుటి పూట నడిస్తే ఎండ ముదిరే వేళకు చేరే దూరం. ఊరికి పడమట మా క్రైస్తవుల ఇళ్లు ముప్పై దాకా ఉంటాయి. మా తాతలకు భూమి లేదు, మా నాయినకు లేదు. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటివాణ్ణి నేను. మిషను వాళ్లు నన్ను పంతులుగా పెట్టారు. పగలు బడి, ఆదివారం అదే కప్పు కింద గుడి. ఎస్తేరును చేసుకుని అప్పటికి నాలుగేళ్లయింది. పిల్లలు ఇంకా లేరు. ఎదురింట్లో మా అమ్మ ఉండేది.

యుద్ధం ఇంకా నడుస్తున్న ఏడాది, ఏప్రిల్ నెల రెండో వారంలో నా ఎడమ చీలమండ పైన బొబ్బ లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. రెండు రోజులకు బొబ్బ పగిలి పురుగు కొన కనబడింది. ఎస్తేరు చూసి ఏమీ జంకలేదు. వాళ్ల అవ్వ ఊళ్లో వాళ్లందరికీ నారి తీసేదట. ఎస్తేరు చిన్నప్పుడు పక్కన కూర్చుని నేర్చుకుంది. సన్నటి వేప పుల్ల ఒకటి తెచ్చి, పురుగు కొనను దానికి చుట్టి, రోజుకు వేలెడు మించకుండా లాగి, మళ్లీ పుల్ల చుట్టి గుడ్డ కట్టేది. లాగేటప్పుడు ఆమె ఊపిరి కూడా మెల్లగా తీసుకునేది.

"ఇంకెన్ని దినాలు?" అని రోజూ అడిగేవాణ్ణి.

"అది వచ్చినన్ని దినాలు. జర ఓపిక పట్టయ్యా, తెగితే కాలే పోతది."

నాకు ఓపిక లేకపోవడానికి కారణం ఉంది. ఆ నెలాఖరున జిల్లాలోని పాస్టర్లు, పంతుళ్లు అందరూ కలిసే కూటం. నన్ను మొదటిసారి ప్రసంగం చెయ్యమన్నారు. అది బాగా చేస్తే, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి పని ఇస్తారని పాస్టరు చెప్పి ఉన్నాడు. నేను ఎంచుకున్న విషయం క్రైస్తవ కుటుంబం. భర్త శిరస్సు, భార్య లోబడాలి. ఎనిమిది పేజీలు రాసి కంఠతా పట్టాను. బైబిల్లో ఆ వాక్యానికి పైనున్న వాక్యంలో ఒకరికొకరు లోబడమని ఉంది. అది నా కళ్ల ముందే ఉండేది. నేను మాత్రం ఎప్పుడూ దాని కింది నుంచే చదవడం మొదలుపెట్టేవాణ్ణి.

కూటానికి బయలుదేరవలసిన ముందు రోజు, పుల్ల అప్పటికి పన్నెండు రోజులుగా కాలికే ఉంది, ఎస్తేరు అంది: "ఈసారికి పోకు. ఇంకా సగమన్న లోపలనే ఉన్నది. గుంజితే పట్టిపట్టి వస్తాంది."

"నేను మాటిచ్చిన. పోవాల్సిందే."

"నడిస్తే తెగుతది."

"ఇంటికి పెద్ద నేనా, నువ్వా?"

ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. మధ్యాహ్నం చింతపండు కొట్టే పనికి పోయింది. నేను గడప మీద కూర్చుని గుడ్డ విప్పాను. ఈ ఒక్క పూటలో తీసేస్తే రేపు మామూలుగా నడవవచ్చు అనుకున్నాను. మెల్లగానే మొదలుపెట్టాను. రెండు వేళ్లంత వచ్చింది. సంతోషం వేసింది. ఇంకొంచెం గట్టిగా లాగాను. ఏదో వదిలినట్టయి, పుల్ల చేతిలోకి వచ్చేసింది. పుల్లకు చుట్టుకున్నది బయట, మిగిలింది లోపల. పుల్ల తీసుకెళ్లి పొయ్యిలో వేశాను. అలా ఎందుకు చేశానో నాకు తెలుసు. కనబడకూడదని.

ఎస్తేరు వచ్చి కాలు చూసింది.

"తెంపినవా?"

"అదే తెగింది."

ఆమె పొయ్యి వైపు చూసింది. బూడిదలో పుల్ల కొన మిగిలే ఉంది. నీళ్లు కాచి కాలికి కాపడం పెట్టింది.

మర్నాటికి కాలు మోకాలి దాకా వాచింది. కూటానికి పోలేదు. మూడో రోజు చలిజ్వరం. మా అమ్మ వచ్చి చూసి నుదురు కొట్టుకుంది. "నాటు వైద్యం ఎందుకే అంటే ఇన్నవా? గుంజి గుంజి తెంపినవ్. నా కొడుకును కుంటోన్ని జేసినవ్ గదనే!" అని ఎస్తేరు మీద పడింది.

ఎస్తేరు నా వైపు చూసింది. ఒక్క మాట చాలు. 'అమ్మా, నేనే' అనాలి. నేను కళ్లు మూసుకుని జ్వరంలో తెలివి తప్పినవాడిలా పడుకున్నాను. జ్వరం నిజంగానే ఉంది. కాని ఆ నిమిషంలో నాకు తెలివి బాగానే ఉంది.

వారం తిరిగేలోగా మా వాళ్లందరికీ ఆ మాట తెలిసిపోయింది, పంతులు పెండ్లాం నారి తెంపిందని. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెకు వినబడేలా అనేవారు. ఆమె బిందె ఎత్తుకుని వచ్చేది. నాకు గంజి తాగించేది. నేను తాగేవాణ్ణి.

మే నెల మొదటి వారంలో నన్ను బండిలో పడుకోబెట్టి రామన్నపేటకు, అక్కడి నుంచి బస్సులో నల్లగొండకు తీసుకుపోయారు. పెట్రోలు దొరక్క ఆ రోజుల్లో బస్సులకు వెనక బొగ్గు పొయ్యి తగిలించి నడిపేవారు. ఎత్తు వచ్చిన చోటల్లా బస్సు ఆగేది, జనం దిగి తోసేవారు. నా ఒక్కణ్ణి మాత్రం దింపలేదు. కుదుపుకు నేను అరిచినప్పుడల్లా ఎస్తేరు నా మడమను తన ఒళ్లోకి ఇంకాస్త ఎత్తుకునేది. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మిషను దవాఖాన వరండాలో ఒక పూటంతా వేచి ఉన్నాం. పిల్లల ఏడుపులు, ఫినాయిలు వాసన. గోడ నీడ జరిగేకొద్దీ ఎస్తేరు నన్ను చాపతో సహా నీడలోకి జరుపుతూ వచ్చింది. పక్కనే ఖాసింబీ అనే ముసలామె ఉంది. ఆమె భర్తకు కడుపులో పుండు. ఎస్తేరు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఆమె ఎలా కనిపెట్టిందో, మూట విప్పి జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చింది.

"తిను బిడ్డా. నువ్వు పడిపోతే గాయనను ఎవలు లేపుతరు?"

మా రొట్టె పై కులాల వాళ్లు తినని ఊళ్లు, వాళ్ల చెంబు మాకివ్వని ఊళ్లు మాకు బాగా తెలుసు. ఎస్తేరు ఆ రొట్టె పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. ఆ తర్వాత తిన్నది.

అక్కడి పెద్ద డాక్టరు తెల్ల దొరసాని. తెలుగు మాట్లాడేది గాని పుస్తకం చదివినట్టు మాట్లాడేది. కాలు చూడగానే ముఖం మారిపోయింది.

"దీన్ని ఎవరు లాగారు?"

అమ్మ వెంటనే ఎస్తేరును చూపించింది. "గీమెనే దొరసానమ్మా."

దొరసాని కోపం ఆపుకోలేకపోయింది. పదిమంది రోగుల ముందు ఎస్తేరును నిలబెట్టి అడిగింది. చదువుకున్న మనిషి భార్యవు, ఈ మాత్రం తెలియదా? తొందరపడి నీ భర్తను చావు దాకా తెచ్చావు, తెలుసా? ఎస్తేరు తల వంచుకుని విన్నది. కొంగు కొన రెండు చేతులతో పట్టుకుంది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఇంటి దగ్గర చూసింది, ఇక్కడ చూడలేదు. నేను చెబుతానన్న ఆశ ఆమెకు పోయిందని అప్పుడు నాకు అర్థమైంది. కాలి నొప్పి కంటే అది ఎక్కువ నొప్పించింది. అయినా నోరు విప్పలేదు.

సాయంత్రం ఖాసింబీ నా మంచం దగ్గరికి వచ్చింది.

"బేటా, నీ పెండ్లాం బాయి కాడ నీ కట్టు గుడ్డలు పిండుతాంది. పిండుకుంట ఏడుస్తాంది. ఏమైందంటే ఏం లేదంటది. ఏదన్న ఉంటే నువ్వే ఒక మంచి మాట చెప్పు."

మర్నాడు పొద్దున దొరసాని వార్డులోకి రాగానే, నర్సు కట్టు విప్పకముందే చెప్పాను.

"నేనే తెంపిన, దొరసానమ్మా. ఆమె వద్దన్నది. ఆమె పనికి పోయినంక నేనే గుంజిన. పుల్ల పొయ్యిల ఏసిన. ఇన్ని దినాలు ఆమె మీదికి పోనిచ్చిన."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దొరసాని నర్సును ఆగమంది. తర్వాత మంచం చుట్టూ తిరిగి ఎస్తేరు దగ్గరికి పోయింది. "నిన్న నేను నీకు అన్యాయం చేశాను. నన్ను క్షమించు" అని చేతులు జోడించింది. దొరసాని అంతటి మనిషి మా ఎస్తేరుకు చేతులు జోడించడం చూశాను. అప్పటిదాకా నేను ఒప్పుకున్నానే గాని ఎస్తేరును క్షమాపణ అడగలేదని అప్పుడు తెలిసింది. అందరూ పోయాక అడిగాను. "క్షమించిన" అనలేదు ఆమె. "కాలు చూసుకుందాం ముందుగాల" అంది.

అదే రోజు దొరసాని ఊదా సిరాతో నా తొడ మీద అడ్డంగా ఒక గీత గీసింది. కాలి ఎరుపు పైకి పాకి ఈ గీత దాటితే మందులు పనిచెయ్యవు, కాలు తీసెయ్యాలి, లేకపోతే మనిషే ఉండడు, ఇద్దరూ ఆలోచించుకుని చెప్పండి అంది.

"కోయనియ్య" అన్నాను ఎస్తేరుతో. "సచ్చినా సరే. నా మాట దాటకు."

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. "నీకు సోయి తప్పితే నన్ను అడుగుతరు. అప్పుడు నేనేం చెప్పాలె? నువ్వన్న మాట చెప్పాల్నా, నా మనసుల మాట చెప్పాల్నా?"

"నీ మనసుల ఏమున్నది?"

"కాలు లేకున్నా నువ్వు గావాలె."

నేను గోడ వైపు తిరిగాను. నా భయం చావు గురించి కాదు. కుంటి పంతులును మిషను వాళ్లు ఉంచుకుంటారా? కూలి చేసి ఎస్తేరు నన్ను పోషిస్తే, నేను ఇంట్లో ఏమవుతాను? అదే అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

"నీ చేతి కూడు తినుకుంట బతుకుమంటవా?"

"నాలుగేండ్ల సంది నేను నీ చేతి కూడు తింటలేనా? నాకు నామోషీ అనిపియ్యలే. నీకెందుకు గావాలె?"

ఎనిమిది పేజీల ప్రసంగంలో ఎక్కడా దానికి జవాబు లేదు. ఆమె వైపు తిరిగి అన్నాను: "సరే. నువ్వు ఎట్ల చెప్తే గట్లనే."

అది విని ఆమె సంతోషిస్తుందనుకున్నాను. కోపం వచ్చింది ఆమెకు.

"గట్ల నా నెత్తి మీదికి నూకకు. రేపు కాలు పోతే నేనే తీయించిన అంటరు. ఇప్పటికే ఒక నింద మోసిన. ఇంకోటి మొయ్యలేను. ఇద్దరం గలిసే చెప్దాం."

అలా కలిసే చెప్పాం. గీత దాటేదాకా ఆగండి, దాటితే తీసెయ్యండి అన్నాం. కాయితం మీద నేను సంతకం చేశాను. ఎస్తేరు నా దగ్గర నేర్చుకున్న అక్షరాలతో నా పేరు కింద తన పేరు రాసింది. ఆమెను ఎవరూ రాయమనలేదు. దొరసాని చూసి ఆ కాయితం జాగ్రత్తగా మడిచి పెట్టుకుంది.

ఆ తర్వాతి నాలుగు రోజులు నాకు వరుసగా గుర్తు లేవు. పొద్దునే దుప్పటి తొలగించడం, దొరసాని, ఎస్తేరు, నేను కలిసి ఆ గీతను చూడడం మాత్రం గుర్తుంది. అమ్మ కూడా వంగి చూసేది, కాని ఎస్తేరుతో మాట్లాడేది కాదు. మూడో రోజు ఎరుపు గీతను తాకింది. దొరసాని గడియారం చూసుకుని, ఇంకొక్క రోజు అంది. ఎస్తేరు ప్రార్థన చేస్తుంటే విన్నాను. కాలు ఉంచమని అడగలేదు ఆమె. ఏది జరిగినా మా ఇద్దరికీ ధైర్యం ఇమ్మని అడిగింది. నాలుగో రోజు మోకాలి వెనక గడ్డ పగిలి కుండెడు చీము పోయింది. సాయంత్రానికి జ్వరం దిగింది. గీత కింద వేలెడు జాగా మామూలు రంగుకు వచ్చింది. ఖాసింబీ వచ్చి చూసి, "అల్లా సల్లగ జూసిండు" అని ఎస్తేరు బుగ్గలు నిమిరింది. ఆమె భర్త అంతకు రెండు రోజుల ముందే పోయాడని మాకు తర్వాత తెలిసింది. మిగిలిన సామాను కోసం వచ్చిన ఆమె నా కాలు చూడడానికి ఆగింది.

వెళ్లేటప్పుడు దొరసాని మమ్మల్ని కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పింది. తాగే నీళ్లు మడత పెట్టిన గుడ్డలో వడకట్టాలి. నారి లేచిన మనిషి కాలు బావి నీళ్లలో పెట్టకూడదు, పెడితే ఊరంతటికీ అంటుతుంది. మా బావి దిగుడు బావి. మెట్లు దిగి, నీళ్లలో నిలబడే ముంచుకుంటాం. ఎన్ని తరాలుగా ఒకరి కాలి పురుగును ఒకరం తాగుతున్నామో అప్పుడు లెక్కకు వచ్చింది.

జూలైలో వానలు పడ్డాక ఇంటికి చేరాం. కాలు ఉంది, మోకాలు బిగిసిపోయింది. నేను లేనన్నాళ్లూ బడి మూతపడింది. మళ్లీ తెరిచాక ఎస్తేరు చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించింది, నేను పెద్దవాళ్లకు కూర్చుని చెప్పాను. మిషను వాళ్లు నన్ను తీసెయ్యలేదు. ఉపదేశి పని మాత్రం ఇంకొకరికి ఇచ్చారు.

మొదటి ఆదివారం నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను లేచి, నారి ఎవరు తెంపారో, నింద ఎవరి మీద వేశానో, అంతా గుడిలో చెప్పేశాను. ఒక పెద్దమనిషి, "పంతులూ, ఇంటి ముచ్చట గుడిలెందుకు?" అన్నాడు. అమ్మ మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. నేను మాత్రం పెద్ద బరువు దించుకున్నట్టు ఇంటికి వచ్చాను. ఎస్తేరు పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

"ఏందే, మంచిగ చెప్పలేదా?"

"మంచిగనే చెప్పినవ్. నన్ను అడిగినవా? నా ముచ్చట నలుగురిల చెప్పేటప్పుడు నన్ను ఒక్క మాట అడగొద్దా? గుంజేటప్పుడూ అడగకపోతివి, ఒప్పుకునేటప్పుడూ అడగకపోతివి."

ఆ మాట నన్ను దవాఖానలో కంటే ఎక్కువ కుదిపింది. మంచి పని అనుకున్నదాన్ని కూడా నేను ఒక్కణ్ణే తేల్చుకుని చేశాను. పాత అలవాటు కాలిలో తెగిన నారి లాంటిదే, లోపల ఇంకా ఉంది. మళ్లీ క్షమాపణ అడిగాను. ఆమె ఈసారి, "సరే, అన్నం తిను" అంది.

మరుసటి ఏప్రిల్‌లో ఎస్తేరు కుడి పాదం మీద బొబ్బ లేచింది. మేం వడకట్టడం నేర్చుకోకముందు తాగిన నీళ్లు అవి. బొబ్బ చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నువ్వు తీస్తవా?" అంది.

"నువ్వు చెప్పు, నేను తీస్త."

ఇరవై రెండు రోజులు పట్టింది. రోజూ బడి వదిలాక గడప మీద కాలు చాపుకుని కూర్చుని, ఆమె పాదం నా ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. "పంతులు పెండ్లాం కాళ్లు పడుతుండు" అని నవ్వేవారు. మొదటి రోజు సిగ్గేసింది. తర్వాత నా దృష్టి అంతా పుల్ల మీదే ఉండేది. ఆమె "చాలు" అనగానే ఆగేవాణ్ణి. ఒకరోజు పురుగు సులువుగా వస్తోంది, ఇంకాస్త లాగుదామనిపించింది. చెయ్యి ముందుకు పోయింది. "ఇయ్యాల్టికి చాలయ్యా" అంది. ఆగాను. ఆ రోజు ఆగినందుకు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. తప్పయితే దేవుడు క్షమించాలి.

ఆమె బావిలో దిగకూడదు, నేను మెట్లు దిగలేను. రెండో రోజే అమ్మ బిందె తీసుకుని వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఎస్తేరుతో ఏడాదిగా ఆమెకు మాటలు అంతంతమాత్రం. నీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయేది.

ఆ బావి మెట్లు మూయించి, చేదుకునే బావిగా మార్చమని పటేలుకు రెండు అర్జీలు పెట్టాను. రెండూ ఇద్దరం కలిసి రాసినవే. జవాబు రాలేదు. మూడోది రాస్తున్నాం. మూసేదాకా రాస్తూనే ఉంటాం.

ఇరవై రెండో రోజు సాయంత్రం, ఇంకా వెలుగు ఉండగానే, నారి కొన దాకా తెగకుండా వచ్చేసింది. అమ్మ అప్పుడే బిందె దించుతోంది. వచ్చి ఆ పుల్లను చూసింది. నేల మీద కూర్చుంది.

"కోడలా," అంది, "గా యేడు నేను నిన్ను నానా మాటలన్న. గాడు జెప్పినంక గూడ నాకు నోరు రాలే. కొడుకు తప్పంటే నా తప్పనిపిచ్చింది."

ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "నీళ్లు వడగట్టినవా అత్తా?"

"రెండు మడతలు పెట్టి వడగట్టిన."

"అయితే తెమ్మను నీ కొడుకును. దూప అయితాంది."

నేను లేచి చెంబు ముంచి తెచ్చాను. అమ్మకు ఇవ్వబోయాను. అమ్మ ఎస్తేరు వైపు చూపించింది. ఎస్తేరు, "నువ్వు తాగు అత్తా, ఎండల మోసుకొచ్చినవ్" అంది. చెంబు మా ముగ్గురి మధ్య కాసేపు అటూ ఇటూ తిరిగింది. చివరికి అమ్మే దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఎస్తేరు పెదవుల దగ్గర పెట్టి తాగించింది.